వాలు మీద గిన్నె

ఇది అక్షరం పొల్లుపోకుండా జరిగిన సంగతి. ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా చెప్పినవాళ్ళ ఆవకాయ జాడీకి ఈ ఏడే బూజు పట్టుగాక. ఇంతకన్నా పెద్ద ఒట్టు గోదావరి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు.

సామర్లకోటలో పేరిందేవి గారని ఒక పెద్దావిడ, సాయంత్రం అయిదు కొట్టేసరికి తన ఇంటి వరండాలో చాప పరిచి వేదాంతం చెప్పేవారు. అంతకు ముందు ముప్పై నాలుగేళ్ళు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేశారు. టికెట్టు లేనివాణ్ణి మొహం చూసి కాదు, చెప్పుల చప్పుడు విని పట్టుకునేవారు. ఆవిడ "ఊఁ" అన్నారంటే కదలబోతున్న గూడ్సు బండి కూడా ఒక్క క్షణం ఆగి, తను చేసిన తప్పేమిటా అని ఆలోచించుకునేది. శిష్యులు ఏడుగురు. ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. ఒకాయన "అమ్మా, మోక్షం ఎప్పుడొస్తుంది?" అని అడిగితే, ఎదురింటి ముసలాయన సంచీ చేతికిచ్చి రేషను కొట్టు లైనులో నిలబెట్టారు. మూడు గంటల తరవాత బియ్యంతో తిరిగొచ్చిన ఆ మనిషి జన్మలో మళ్ళీ ఆ ప్రశ్న ఎత్తలేదు.

ఆ ఏడుగురిలో వీరవేణి ఒకతె. ఆ రోజుల్లో ఆమెను ముట్టుకుంటే చెయ్యి కాలేది. అంత కోపం మీద ఉండేది.

కోపానికి కారణం లేకపోలేదు. వేణి భర్త సూరిబాబుకు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. చదును నేల మీద చంకకర్ర ఊతంతో గుర్రంలా పరిగెడతాడు. మెట్టు కనిపించిందా, హిమాలయం అడ్డొచ్చినట్టు ఆగిపోతాడు. స్టేషను రోడ్డులో అతనికి మిక్సీల రిపేరు కొట్టు ఉంది. ఆ కొట్టుకు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, మెట్లు లేని ఒక చిన్న ఇల్లు కొనుక్కోవాలి, అంతే. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో పదకొండు అద్దె ఇళ్ళు మారారు. అందులో పదింట్లో సూరిబాబును ఎవరో ఒకరు ఎత్తి గుమ్మం దాటించవలసి వచ్చింది. "నా అంత వైభోగం ఎవరికుందే, పొద్దున్నా సాయంత్రం పల్లకీ సేవ" అని అతను నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే వేణికి ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడున్న ఇల్లు ఒక్కటే రోడ్డుతో సమంగా ఉంది. దాన్ని పడగొట్టి అపార్ట్‌మెంటు కడతాననీ, మూఢం వచ్చేలోగా ఖాళీ చెయ్యాలనీ ఇంటివాడు గుమ్మంలో నిలబడే చెప్పిపోయాడు. కొనడానికి డబ్బు బ్యాంకులో సిద్ధంగా ఉంది. కొనడానికి ఇల్లే లేదు.

ఫోనులో బోలెడు ఇళ్ళున్నాయి కదా అంటారు. ఉన్నాయి! ఎనిమిది నెలల్లో వేణి ఫోనులో చూసిన ఇళ్ళను వరసగా పేరిస్తే, ఇంటింటా మజ్జిగ తాగుతూ కాశీ వెళ్ళి రావచ్చు. వాటిలో సగం ఇళ్ళు అమ్ముడైపోయి ఏడాది దాటింది. మిగిలిన సగంలో సగం ఈ భూమి మీద లేవు. ఒకే నీలం పరదా, ఒకే చిలకపచ్చ సోఫా కాకినాడలో మూడిళ్ళలో, పిఠాపురంలో రెండిళ్ళలో, రాజమండ్రిలో ఒక మేడలో కనపడ్డాయి. ఆ సోఫా చేసినన్ని తీర్థయాత్రలు మనిషన్నవాడు చెయ్యలేదు. ఒక ఇంటి గురించి ఫోను చేస్తే నలభై మంది బ్రోకర్లు తిరిగి ఫోను చేసేవారు. స్నానానికి వెళ్తే చేసేవారు, తద్దినం పెడుతుంటే చేసేవారు. "గ్రౌండ్ ఫ్లోరే మేడమ్, కింద కార్లుంటాయి, ఆ పైన గ్రౌండ్ ఫ్లోరు" అన్నాడొకడు. "మెట్లు తక్కువే మేడమ్, పద్నాలుగే" అన్నాడింకొకడు. వేణి ఆ ఫోనులోకి పెట్టిన తిట్లకు సెల్ టవరు మీద గూడు కట్టుకున్న కాకులు కాపురం ఎత్తేశాయి.

ఒక మంగళవారం నాడు, పాఠం మొదలవకముందే వేణి ఫోను చేత్తో పట్టుకుని లేచి నిలబడింది.

"అమ్మగారూ, జీవుడూ దేవుడూ తరవాత చూద్దాం. ఇది చెప్పండి. లోకంలోని ఇళ్ళన్నీ ఇందులో ఉన్నాయన్నారు, వెతికాను. నాక్కావలసింది ఇందులో లేదు. ఇందులో లేని ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?"

పేరిందేవి గారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "వంటింట్లో గట్టు మీద స్టీలు గిన్నె బోర్లించి ఉంది, పట్రా" అన్నారు.

వేణి తెచ్చింది.

"గూడ్సు షెడ్డు వెనక వీధిలో నూకరత్నం అని ఇడ్లీ బండి ఆవిడ. ఆదివారం పనసపొట్టు కూర పంపింది. గిన్నె ఇచ్చి రా. వీధిలో ఆఖరి ఇల్లు, వాకిట్లో బండి ఉంటుంది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదు, ఏదైనా వేసి ఇవ్వు."

"నేనడిగిందేమిటి, మీరు చెప్పేదేమిటండీ!"

"ఊఁ" అన్నారు పేరిందేవి గారు.

గూడ్సు బండే ఆగేది, వేణి ఎంత. గిన్నె పట్టుకుని రోడ్డెక్కింది. ఇల్లడిగితే గిన్నె ఇస్తారా, రేపు అన్నమడిగితే చీపురిస్తారు, ఈవిడకు గురువని పేరొకటి, ఆ రైల్వే వాళ్ళు ఈవిడకు పెన్షను ఎందుకిస్తున్నారో, అని తిట్టుకుంటూ నడిచింది. వీధి మలుపులో ఖాళీ గిన్నె సంగతి గుర్తొచ్చింది. ఎదురుగా కిళ్ళీ కొట్టు ఉంటే ఒక బిస్కెట్ల పొట్లం కొని గిన్నెలో పడేసింది. అప్పుడే ఫోను మోగింది. పద్నాలుగు మెట్లవాడు. "మేడమ్, రేటు తగ్గించాడు." "మెట్లు తగ్గించాడా?" అని వేణి వేసిన కేకకు గూడ్సు షెడ్డు రేకులు అదిరాయి.

ఆ కేకలోనే ఆఖరి ఇల్లు వచ్చింది. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, తెరిచున్న తలుపు ముందు గిన్నె పెట్టి, బెల్లు నొక్కింది. గిన్నె నిలవలేదు. జరజరా జారి, దొర్లి, మట్టిలో పడింది. బిస్కెట్ల పొట్లం ఏరి మళ్ళీ పెట్టింది. మళ్ళీ దొర్లింది. "ఈ దిక్కుమాలిన గిన్నెకు కూడా నేనే లోకువ" అని పళ్ళు నూరి, గోడ వారనున్న ఇటుక తెచ్చి అడ్డం పెట్టింది. మూడు ఊపిర్ల సేపు వేణి ఎదురు చూసింది. ఎవరూ రాలేదు. సామాన్లు ఇచ్చిపోయేవాళ్ళు తీసుకున్నట్టే సాక్ష్యానికి ఒక ఫోటో తీసుకుని, బ్రోకరును తిట్టడం ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచి అందుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పాఠం మధ్యలో గేటు బద్దలైనంత చప్పుడైంది. నూకరత్నం వచ్చింది. అయిదడుగుల మనిషి, ఆ రోజు మాత్రం వాటర్ ట్యాంకంత కనపడింది. చేతిలో గిన్నె. ఒక పక్క సొట్ట.

"టీసీ గారూ! పనసపొట్టు కూర పంపితే నాకు బిస్కెట్లు పంపుతారా? అదీ గుమ్మంలో పెట్టి, ఇటుక అడ్డం పెట్టి! నాకు పెట్టారా అది, వీధి కుక్కకు పెట్టారా? కుక్క తనకే అనుకుని తినేసిపోయింది కూడానూ!"

ఆరుగురు శిష్యులు ఒక్కసారిగా వేణి వైపు చూశారు. అంత ఐకమత్యం వాళ్ళలో ఏ శ్లోకం దగ్గరా కనపడలేదు.

"బెల్లు కొట్టానండీ, ఫోటో కూడా తీశాను" అంది వేణి.

"నువ్వా తల్లీ! కొట్టావమ్మా, కొట్టావు. పెరట్లో గ్రైండరు తిరుగుతుంటే నీ బెల్లు నాకు వినపడాలి! తలుపు బార్లా తీసుందే. 'అక్కా' అని ఒక్క కేక వెయ్యడానికి నోరు పడిపోయిందా? ఇల్లు అమ్ముకుని మండపేటలో మా చెల్లెలి మెస్సుకు పోతున్నానని తెలిసి, అప్పుడే ఊరంతటికీ పరాయిదాన్నైపోయానా?"

వేణి చాప మీద నుంచి జానెడు పైకి లేచింది. "ఇల్లు అమ్ముతున్నారా?"

"అమ్ముతున్నా. ఏం, కొంటావా? ఎన్ని బిస్కెట్లిస్తావు?"

"కాదండీ, ఫోనులో ఎక్కడా లేదే..."

"ఎందుకుంటుంది! ఫోటోల వాడొకడొచ్చాడు, మెళ్ళో బిళ్ళ వేలాడేసుకుని. లిఫ్టుందా, ఈతకొలనుందా అని అడిగాడు. ఇడ్లీలమ్ముకునేదానికి ఈతకొలనేమిట్రా, సాంబారులో ఈదుతావా అన్నాను. పోనీలే అనుకుంటే చివరికి నా గుమ్మానికి వంక పెట్టాడు. ఇలా ఉంటే కొనరు, తవ్వించెయ్యండి, అప్పుడు ఫోటో తీస్తాను అన్నాడు. ముప్పై ఏళ్ళు నా బండి ఎక్కి దిగిన గుమ్మం అది! అట్లకాడతో వీధి చివరిదాకా తరిమాను. నా గుమ్మం తవ్వేవాడికి ఆ ఇంట్లో గడ్డిపరక కూడా అమ్మను. గుమ్మంలోకొచ్చి మనిషిని పిలవని వాళ్ళకు అసలే అమ్మను!"

అని గిన్నెను వరండా మీదికి విసిరింది. అది గింగిరాలు తిరిగి తిరిగి పేరిందేవి గారి కాళ్ళ దగ్గర ఆగింది. ఆగేలోపే నూకరత్నం వీధి మలుపు తిరిగిపోయింది.

వేణి మొహం కందగడ్డలా ఉంది. పేరిందేవి గారు గిన్నె ఎత్తి, సొట్టను బొటనవేలితో తడిమారు.

"ఫోటో తీశానన్నావుగా. చూపించు."

వేణి ఫోను తీసి చూపించింది. గిన్నె, గిన్నెలో బిస్కెట్ల పొట్లం, గిన్నెకు అడ్డంగా ఇటుక.

"ఇటుకెందుకు పెట్టావు?"

"దొర్లిపోతోందండీ."

"గిన్నె ఎందుకు దొర్లుతుంది?"

"ఎందుకంటే అక్కడ..." అని వేణి ఆగిపోయింది.

ఫోటోలో గిన్నె కింద సిమెంటు. రోడ్డు అంచు నుంచి గడప దాకా, బారెడు వెడల్పున, ఇడ్లీ బండి చక్రాల రాపిడికి నున్నగా అరిగిన వాలు. ఒక్క మెట్టు లేదు. గడప కూడా చక్రం దాటేంత ఎత్తే. ఎనిమిది నెలలుగా ఊళ్ళోవాళ్ళు తీసిన ఇళ్ళ ఫోటోలన్నీ వేలితో పెద్దవి చేసుకుని చూసిన మనిషి, తన చేత్తో తీసిన ఇంటిని ఇప్పుడు చూసింది. ఆ వాలు మీదే నిలబడి, మెట్ల గురించి అరిచింది. గూడ్సు షెడ్డు నుంచి సూరిబాబు కొట్టుకు, దారిలో ఎవరూ పలకరించకపోతే, అయిదు నిమిషాలు.

ముందు కళ్ళు నిండాయి. ఆ వెంటనే కోపం వచ్చింది. ఈసారి నేరుగా గురువు మీదే వచ్చింది.

"మీకు ముందే తెలుసు కదండీ! ఇల్లు అమ్ముతోందనీ తెలుసు, మెట్లు లేవనీ తెలుసు. ఒక్క మాట చెప్తే మీ వేదాంతం అరిగిపోతుందా? ఇప్పుడావిడ నా మొహం చూస్తుందా? నోటి దాకా వచ్చినదాన్ని నా చేతే కుక్కకు వేయించారు!"

శిష్యుల్లో ఒకాయన భయంతో కళ్ళు మూసుకున్నాడు. టీసీ గారితో అలా మాట్లాడి బతికినవాడు వాల్తేరు డివిజను మొత్తంలో లేడు. పేరిందేవి గారి ముక్కుపుటాలు అదిరాయి. వరండాలో దీపం దానంతటదే చిన్నదైందని చూసినవాళ్ళంటారు.

"చెప్తే ఇంటి దగ్గరికి వెళ్ళేదానివి" అన్నారు. "నూకరత్నం దగ్గరికి వెళ్ళేదానివి కావు."

వేణి ఫోటోను మళ్ళీ చూసుకుంది. తలెత్తి, "ఇప్పుడేం చెయ్యమంటారు?" అంది. ఆ గొంతులో కోపం ఇంకా ఉంది. కాకపోతే అది ఎవరి మీదో ఆమెకే తెలియనట్టుంది.

పేరిందేవి గారు సొట్ట గిన్నెను ఆమె ఒళ్ళో పెట్టారు. "పొద్దున్నే ఏదైనా వండు. నీ చేత్తో. వేడిగా ఉండగా మొగుడూ పెళ్ళాం ఇద్దరూ తీసుకెళ్ళండి."

"మొహాన తలుపేస్తుందండీ."

"వెయ్యనీ. గిన్నె నువ్వు పట్టుకోకు. సూరిబాబు చేతికియ్యి. 'అక్కా' అని అతన్నే పిలవమను. నువ్వు వెనక నిలబడు."

"వెనకంటే ఎక్కడండీ?"

పేరిందేవి గారు అప్పటికే కళ్ళజోడు పెట్టుకుని, మధ్యలో ఆగిన పాఠం పేజీ వెతుక్కుంటున్నారు. తలెత్తకుండానే అన్నారు:

"ఇటుక పెట్టావు చూడు, అక్కడ."