నడి ఏట్లో నలభై ప్రశ్నలు

పైడిరేవు అనే ఒకానొక రాజ్యంలో రణకేసరి అనే రాజుకు తీరిక ఎక్కువైంది. "నేనెందుకు పుట్టాను? పోయాక ఏమవుతాను?" అని పొద్దస్తమానం దిగులుపడేవాడు. తిని కూర్చున్నవాడికి దిగుళ్లకేం కొదవ! పైగా ఆ దిగులు చూసుకుని తనకే మురిపెం.

ఇది కనిపెట్టిన ఆస్థాన పండితుడు సోమిదేవశాస్త్రి, మనిషిలోని జీవనచింతను కొలిచే విద్య ఒకటి తయారుచేశాడు. మొత్తం నలభై ప్రశ్నలు. ఒక్కో "అవును"కి కుంచంలో పిడికెడు బియ్యం వేస్తారు. రాజుగారి కుంచం అంచుదాకా నిండింది. శాస్త్రిది, మర్యాద కోసం, ఒక్క పిడికెడు తగ్గింది.

"చింత నిండినవాడే జ్ఞాని ప్రభూ. చావంటే దిగులు లేనివాళ్లు ఇతరుల ప్రాణాలేం కాపాడతారు?" అన్నాడు శాస్త్రి. రాజు తలూపాడు. దాంతో జనం ప్రాణాలు చేతిలో ఉన్న పనివాళ్లందరినీ కొలిచారు. రేవులో ఇరవయ్యేళ్లుగా పడవ నడుపుతున్న పోలమ్మ పని పోయింది. ఆమె కుంచంలో ఒక్క గింజ కూడా పడలేదట.

పోలమ్మ ఏడుస్తూ కొలువులో చతురుడైన విస్సన్న దగ్గరికి వచ్చింది.

"సుడి దాటిస్తుంటే అడిగాడయ్యా ఆ పంతులు. తర్వాత చెప్తానన్నాను. నలభైసార్లూ అదే అన్నాను. పడవ లేకపోతే నా పిల్లలేం తింటారు?"

మర్నాడు విస్సన్న సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, రేవులో జనం ఆగిపోయారు. కొలత ప్రకారం పడవ నడిపే అర్హత మొదట తమరిది. తమరు గెడ పట్టకూడదు కనక, ఆ తర్వాతివారు శాస్త్రిగారు."

తన కొలత తప్పని ఒప్పుకోలేక శాస్త్రి రేవుకెళ్లి గెడ పట్టాడు. రాజు సరదాపడి తనూ పడవెక్కాడు. విస్సన్న పోలమ్మను కూడా ఎక్కించాడు.

నడి ఏట్లో పడవ అడ్డం తిరిగింది. శాస్త్రి గెడ పడేసి రాజుగారి కాళ్లు చుట్టేసుకున్నాడు. పోలమ్మ గెడ అందుకుంది.

విస్సన్న తీరిగ్గా ఆ నలభై ప్రశ్నల తాటాకు తీశాడు. "శాస్త్రిగారూ, మొదటి ప్రశ్న. మన బతుక్కి అర్థం ఉందా అని ఎప్పుడైనా బెంగపడ్డారా?"

"ముందు ఒడ్డుకు చేర్చండయ్యా!"

"మరి తమరు, ప్రభూ?"

"తర్వాత, తర్వాత" అన్నాడు రాజు, పడవ అంచు గట్టిగా పట్టుకుని.

"పోలమ్మ కూడా ఇదే చెప్పింది ప్రభూ. దాన్నే శాస్త్రిగారు చింత లేకపోవడం అనుకున్నారు."

ఒడ్డెక్కాక రాజు అడిగాడు. "నిజంగా నీకు భయం లేదా?"

"ఎందుకుండదు దొరా, ఏరు దాటిన ప్రతిసారీ ఉంటుంది. కూర్చుని భయపడడానికి చేతులు ఖాళీగా ఉండొద్దూ?"

రాజు కాసేపు సిగ్గుపడి, ఆపైన పగలబడి నవ్వాడు. రేవును పోలమ్మకు శాశ్వతంగా రాసిచ్చాడు. విస్సన్నకు పట్టుశాలువా కప్పాడు.

శాస్త్రి మాత్రం తిరుగు పడవ ఎక్కనన్నాడు. ఆమడ దూరాన ఉన్న వంతెన దాకా కాలినడకన బయల్దేరాడు. దారిలో ఆయన చింత ఎంత పెరిగిందో కొలిచే తీరిక ఎవరికీ లేకపోయింది.