బంగారానికో పెంకుటిల్లు

మా వీధిలో గవరయ్య వాళ్ళింట్లో ఉన్నంత తెలివి జిల్లా మొత్తం మీద లేదు. ఈ మాట నేననడం లేదు, వాళ్ళే అంటారు. అందుకే ఆ ఇంట్లో ఏదైనా ఆలోచించాల్సి వస్తే ముందు తలుపు గడియ వేసుకుంటారు. లేకపోతే తెలివి వీధిలోకి పోయి, ఎదురింటివాళ్ళు వాడేసుకుంటారట. ఆ ఎదురిల్లు నాదే. ఇన్నేళ్ళలో ఒక్క చుక్క కూడా నా గుమ్మంలోకి రాలేదు.

తల్లి పైడమ్మ, పెద్దకొడుకు గవరయ్య, చిన్నకొడుకు ముత్యాలు. గవరయ్య పెళ్ళాం నూకాలు పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. "వానలు పడేలోగా ఇంటికి కొత్త పెంకులు వేయించండి. కారే ఇంట్లోకి పసిగుడ్డును తీసుకురాను" అని కబురు పెట్టింది. ఆ కబురు విన్నప్పటినుంచీ పైడమ్మకు అన్నం సయించడం లేదు. మనవరాల్ని ఇంకా కళ్ళతో చూడలేదు మరి.

అప్పుడే కంసాలి భాస్కరాచారి కోడిగుడ్ల కోసం వాళ్ళింటికి వెళ్ళాడు. కోళ్ళగంప మీద బరువుకి పెట్టిన మసిబారిన ఇటుకను పక్కకు జరపబోయి, అక్కడే చతికిలబడ్డాడు.

"పైడమ్మా! ఇది ఇటుక కాదు, పాతకాలం బంగారు దిమ్మ!"

"మెల్లిగా అను బాబూ. కోళ్ళు వింటే మిడిసిపడతాయి" అంది పైడమ్మ.

ఇంకేముంది, తలుపు గడియ పడింది. ఎలా అమ్మాలా అని ఒకటే ఆలోచన.

"బెల్లం దిమ్మలా పగలగొట్టి సంతలో చిల్లరగా అమ్ముదాం" అన్నాడు ముత్యాలు.

"చీమలు పట్టవూ?" అన్నాడు గవరయ్య.

చివరికి భాస్కరాచారినే అడిగారు. "మొదట వచ్చినవాడికి ఇచ్చేయకండి. నలుగురికి చూపించి అమ్మండి" అన్నాడాయన.

అంతే. దిమ్మను అరుగు మీద పెట్టుకుని కూర్చున్నారు. మేకలు కాసే సన్నాసి చూశాడు. మజ్జిగమ్మే సూరమ్మ చూసింది. బస్సు కండక్టరు చూశాడు. నాలుగో మనిషిని నేను. పిలవలేదనుకోండి, అయినా వెళ్ళాను. ఆ తర్వాత పట్నం నుంచి బంగారం షావుకారు కారులో దిగాడు, భాస్కరాచారి పంపితేనే. గవరయ్య గబుక్కున దిమ్మ మీద తువ్వాలు కప్పేశాడు.

"నలుగురూ అయిపోయారండి."

"కొనేవాణ్ణి నేనే కదయ్యా!"

"అయితే కొనండి. చూడ్డం మాత్రం కుదరదు."

షావుకారు కాసేపు ఆ తువ్వాలునే చూసి, కారెక్కి వెళ్ళిపోయాడు.

భాస్కరాచారి నెత్తి బాదుకుని, "మీరే వెంటపడి ఆయనకు చూపించండి. ఐదోవాడైనా ఫర్వాలేదు" అన్నాడు. అన్నదమ్ములు కావడి కట్టారు. ఒకవైపు దిమ్మ, రెండోవైపు సరితూగడానికి బండరాయి. ఊరి చివర కల్వర్టు పక్కన షావుకారు కారు టైరు పంక్చరై ఆగి ఉంది. ఆయన దిమ్మను తిప్పి తిప్పి చూశాడు.

"సరుకు మంచిదే. శుక్రవారం డబ్బు తెస్తాను. అప్పటిదాకా దీన్ని ఎక్కడికీ కదపకండి."

ఇంకేముంది, కదపలేదు. కావడి అక్కడే దించి కూర్చున్నారు. క్యారేజీ తెచ్చిన పైడమ్మ ఆకాశంలో మబ్బు చూసి హడలిపోయింది.

"ఒరే, తడిస్తే తుప్పు పడుతుందిరా! మొన్న మన గునపానికి పట్టలేదూ?"

"పైన కప్పు వెయ్యాలమ్మా" అన్నాడు గవరయ్య.

"మనింటి మీద ఉన్నది అదేగా!" అన్నాడు ముత్యాలు.

అంతే. ఇంటి పెంకులు దించి, వాసాలతో సహా మోసుకొచ్చి, దిమ్మ మీద పాక వేశారు. కారే పెంకులు ఎక్కడ వేసినా కారతాయి కదా. వాన పడింది, దిమ్మ తడిసింది. పైడమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"కొత్త పెంకులు రాగానే ముందు బంగారానికి కప్పండిరా. ఇల్లు తర్వాత. నా మీద ఒట్టు!"

ఇద్దరూ ఒట్టు వేశారు.

శుక్రవారం షావుకారు నోట్లకట్టలు తెచ్చాడు. "ఈ కాగితాలు కప్పితే వాన ఆగుతుందా? పెంకులివ్వండి" అన్నాడు గవరయ్య. షావుకారు మంచివాడు కాబట్టి బతికిపోయారు. లారీ నిండా పెంకులు దింపించి, మిగతా సొమ్ము నూకాలు పేర బ్యాంకులో వేయించి, దిమ్మ పట్టుకెళ్ళాడు.

"అన్నయ్యా, కప్పడానికి బంగారం లేదు కదా?" అన్నాడు ముత్యాలు.

"బంగారం వెళ్ళిపోయింది. ఒట్టు ఇక్కడే ఉంది" అన్నాడు గవరయ్య.

పాత పెంకులు తీసిపారేసి, కొత్తవి పాక మీదే కప్పారు. అంత ఖరీదైనదానికి ఒక వరస ఏం బాగుంటుందని మూడు వరసలు వేశారు. ఒక్క పెంకు మిగల్లేదు.

నూకాలు చంటిపిల్లతో కల్వర్టు దగ్గర బస్సు దిగేసరికి చినుకులు మొదలయ్యాయి.

"ఏమయ్యా, ఈ పాకేంటి?"

"బంగారానికి వేశామే. ఒక్క చుక్క కారదు!"

"లోపల ఏమీ లేదే! మరి మనింటికి కప్పు?"

"ఇంట్లో బంగారం లేదు కదే, కప్పెందుకు?"

నూకాలు పిల్లతో పాకలోకి వెళ్ళి కూర్చుంది. పైడమ్మ మనవరాల్ని ఒళ్ళోకి తీసుకుని, ఆ ముఖం చూస్తూ అక్కడే ఉండిపోయింది. ఆ ఇంట్లోవాళ్ళు చేసిన మొదటి తెలివైన పని అది. అదీ ఇంటి బయటే చేశారు.

వాన జోరందుకుంది. "మీరూ లోపలికి రండయ్యా!" అని నూకాలు అరిచింది.

"ఇల్లు తడిసిపోతోందే!" అంటూ అన్నదమ్ములిద్దరూ పరిగెత్తారు. నేను మా గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. ఇంట్లోకి దూరి, వాన లోపలికి రాకుండా తలుపు గడియ వేసుకున్నారు.