పెసరట్టు కట్టు

ఆదెయ్య మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన చెప్పులు వెతుక్కునేవారు. నలభై ఏళ్ళు బుర్రకథ చెప్పి, కృష్ణ నుంచి గుండ్లకమ్మ దాకా దుమ్ము లేపిన మనిషి. చేతిలో తంబురా ఉంటే ఆయన మాట మూడూళ్ళ అవతల ఎద్దులకి కూడా అర్థమయ్యేది. తంబురా పక్కన పెడితే మాత్రం పిండినా మాట రాలేది కాదు. ఆయన నోట తిన్నగా జవాబు విన్నామని చెప్పుకునేవాళ్ళు రెండు జిల్లాలూ కలిపి ముగ్గురున్నారు. వాళ్ళలో ఇద్దరు కోతలు కోస్తున్నారు. మూడోవాడికి చెముడు.

ఆ పొద్దున శివన్నారాయణ వచ్చి ఆయన అరుగు మీద కూలబడ్డాడు. పన్నెండేళ్ళుగా ఆయన దగ్గర కథ నేర్చుకుంటున్న శిష్యుడు. మామూలు రోజుల్లో వాడు సందు మలుపు తిరగకముందే వాడి నవ్వు ఇంట్లోకి వచ్చి కూర్చునేది. ఆ రోజు మొహం నీళ్ళు తప్పిన నారుమడిలా ఉంది.

"మాస్టారూ, నిజం చెబితే జనం వినరు. అబద్ధాన్ని వెక్కిరిస్తే, ఆ వెక్కిరింతనే నిజమని పట్టుకుపోతున్నారు. ఇంక మనం ఏం మాట్లాడాలి?"

మాస్టారు చెప్పుల కోసం అటూ ఇటూ చూశారు. అవి కనబడేలోగా శివన్నారాయణ సంగతంతా చెప్పేశాడు.

బుర్రకథకి ముగ్గురుండాలి. మధ్యన తంబురాతో కథకుడు, ఒక పక్క హాస్యం, ఇంకో పక్క రాజకీయం. పక్కవాళ్ళిద్దరి చేతుల్లోనూ డక్కీలు. లోకంలో తిరిగే తిక్కమాటలన్నీ ఏరుకొచ్చి పందిట్లో పడెయ్యడం హాస్యం పని. ఆ మాటను గాలికి పోనివ్వకుండా పట్టుకుని, ఇదీ అసలు సంగతి అని తేల్చడం రాజకీయం పని. శివన్నారాయణది హాస్యం. వాడి బృందంలో రాజకీయం చెప్పే వెంకటప్పయ్య మొన్న ఎండాకాలంలో నిజం రాజకీయాల్లోకి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ఆయన ఏ సంగతీ తేల్చడం లేదు. కొత్త మనిషి దొరకక రెండు పక్కలూ శివన్నారాయణే చెబుతున్నాడు. తువ్వాలు తలకి చుడితే హాస్యం, తీసి భుజాన వేస్తే రాజకీయం.

పదిహేను రోజుల కిందట ఒక నాయకుడు సభలో, కుక్కకాటు సూదులన్నీ మందుల కంపెనీల కుట్రనీ, మన తాతలు ఏ సూదులు పొడిపించుకున్నారనీ సెలవిచ్చాడు. ఆయన సొంత తాత కుక్క కరిచే పోయాడని ఊరందరికీ తెలుసు. అయినా చప్పట్లు కొట్టారు. పోయిన వారం మార్కెట్ యార్డులో కథ చెబుతూ శివన్నారాయణ ఆ మాట అందుకున్నాడు. తువ్వాలు తలకి చుట్టి, కళ్ళు గిరగిర తిప్పి అన్నాడు.

"కుక్క కరిచిందా అన్నా? ముందు అది ఏ పార్టీ కుక్కో కనుక్కో. మన పార్టీదైతే అది కాటు కాదు, ముద్దు. అవతలి పార్టీదైతే కాటు మీద వేడి వేడి పెసరట్టు కట్టు. మూడు రోజులు టీవీలో చర్చ చూడు. ఆ అరుపులు విని ఒంట్లో దూరిన కుక్క తనంతట తనే పారిపోతుంది."

ఆ నవ్వుకి యార్డులో మిర్చి బస్తాలు వాటంతట అవే కుట్లు విప్పుకున్నాయి. ఎవరో అంతవరకూ ఫోన్లో తీసి, కింద 'ప్రముఖ కళాకారుడు చెప్పిన కుక్కకాటు చిట్కా' అని రాసి వదిలారు. మర్నాటికి ఆ ముక్క చూడనిది నియోజకవర్గంలో దిష్టిబొమ్మలే.

"నిన్న పొద్దున మా సామ్రాజ్యం అత్తని కుక్క కరిచింది మాస్టారూ" అన్నాడు శివన్నారాయణ. "పిక్క మీద, లోతుగా. అదే కుక్క దారిలో దూడని కూడా కరిచింది. ఇవాళ తెల్లారేసరికి పిల్లకాలవ గట్టు మీద నురగలు కక్కి చచ్చిపడుంది. అత్త ఆసుపత్రికి రానంటోంది. పెసరట్టు కట్టుకుని టీవీ ముందు కూర్చుంది."

తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆ మేనత్తే. మాస్టారికి చెప్పులు దొరికాయి. ఆయన ముందు నడిచారు.

సామ్రాజ్యమ్మ నులకమంచం మీద కూర్చుని, కరిచిన కాలు స్టూలు మీద చాపుకుని ఉంది. పిక్క చుట్టూ పాత చీర పీలిక, దాని కింద పచ్చగా అట్టు అంచు. ఇల్లంతా అల్లం వాసన. టీవీలో 'కాటా? కుట్రా?' అని చర్చ నడుస్తోంది. నలుగురు నాలుగు పెట్టెల్లో కూర్చుని, ఒకాయన కుక్కల తరపున, ఒకాయన మనుషుల తరపున, మిగిలిన ఇద్దరూ తమ తరపున అరుస్తున్నారు. ఆ అరుపులకి దూలం మీది బల్లి ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసింది.

"రా అల్లుడా. రండి మాస్టారూ, కూర్చోండి. ఇవాళ రెండో రోజు. వీడి వైద్యం పనిచేస్తోంది. ఆ ఎర్రచొక్కా ఆయన అరిచినప్పుడల్లా కాలు జివ్వుమంటోంది. లోపలిది బెదురుతున్నట్టుంది."

శివన్నారాయణ మంచం పక్కన కూలబడ్డాడు. "అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను. అది వేళాకోళానికి అన్న మాట. లే, ఆసుపత్రికి పోదాం."

"ఇదిగో, మళ్ళీ మొదలెట్టాడు" అని ఆవిడ మాస్టారి వైపు తిరిగి నవ్వింది.

"ఇప్పుడు వేళాకోళం కాదత్తా."

"అదే మరి. మొహం అట్లా పెట్టి చెబుతావు చూడు, దానికే నాకు నవ్వాగదు. చిన్నప్పట్నుంచీ అంతే నువ్వు."

"నిజం చెబుతున్నాను."

"మైకులో చెప్పినవాడివి. అంతమంది ఎదుట నిలబడి మైకులో అబద్ధం చెబుతావా నా అల్లుడివై ఉండి? చెబితే గిబితే ఇంట్లో చెబుతావు."

నిన్నటి నుంచి వాడు ఇక్కడే ఆగిపోతున్నాడు. ఎంత ఏడుపు మొహం పెడితే ఆవిడ అంత నవ్వుతోంది. పన్నెండేళ్ళుగా ఊళ్ళ వెంట తిరిగి, తన నోట ఏ మాట వచ్చినా జనం నవ్వేటట్టు తయారు చేసుకున్నాడు. ఇప్పుడు అదే నోటితో ఒక ప్రాణం అడుగుతుంటే ఎదుటి మనిషి చప్పట్లు కొట్టేటట్టు ఉంది.

మాస్టారు ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నారు. "అమ్మా, ఆ కథ మీరు విన్నారా?"

"ఫోన్లో విన్నాను. నాలుగొందల సార్లు."

"హాస్యం ఎవరు చెప్పారు?"

"వీడే."

"రాజకీయం?"

సామ్రాజ్యమ్మ దిండు కింది ఫోను తీసింది. ఊళ్ళో బుర్రకథ పడితే పందిరి వేసేవాళ్ళకన్నా ముందు వెళ్ళి కూర్చునే మనిషి ఆవిడ. డక్కీ దెబ్బ వెంట్రుకవాసి తప్పినా, కూర్చున్న చోటి నుంచే పేరు పెట్టి కేకేసేది. ఆవిడ ఎదురుగా కూర్చుందంటే కథకులకి ముందురోజే జ్వరం వచ్చేది.

"అవునే" అంది నెమ్మదిగా. "ఫోన్లో అది లేదు. కోసేసుంటారు సచ్చినాళ్ళు. ఏరా, రాజకీయం ఏమని జవాబు చెప్పింది?"

కోసేశారత్తా అన్న మాట శివన్నారాయణ నాలుక చివరిదాకా వచ్చింది. వారం రోజులుగా అడిగిన ప్రతివాడికీ వాడు చెబుతున్నది ఆ మాటే. మాస్టారు వాడి వంక చూడలేదు. గడప అవతల ఉన్న తన చెప్పుల వంక చూస్తున్నారు.

"ఎవరూ కొయ్యలేదత్తా. నేనే చెప్పలేదు." వాడి కళ్ళు నేలలో దిగబడ్డాయి. "జనం ఈలలు వేస్తున్నారు. ఆ ఈలల్లో తలమీది తువ్వాలు తియ్యబుద్ధి కాలేదు. అటునుంచి అటే మంగళం పాడేశాను."

ఆవిడ మొహంలో నవ్వు ఆగిపోయింది. చెయ్యి చాపి టీవీ ఆపింది. రెండు రోజుల తర్వాత ఆ ఇంట్లో గోడ గడియారం తన చప్పుడు తను వినగలిగింది.

"రాజకీయం చెప్పకుండా మంగళం పాడావా? అంతమందిని కూర్చోబెట్టి సగం కథ చెప్పి పంపించావా?"

"అవును."

"నాకు కూడా సగం కథేనా?"

వాడు తల ఊపాడు.

"అయితే మిగతాది ఇప్పుడు చెప్పు."

"ఇక్కడ కాదు" అని మాస్టారు లేచారు. "ఆసుపత్రి వరసలో చెబుతాడు."

సామ్రాజ్యమ్మ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. "కథ పేరు చెప్పి తీసుకెళ్ళి సూది పొడిపిస్తారు."

"పొడిపిస్తాం. విన్నాక మీరు వద్దంటే ఆటో నేనే పిలుస్తాను."

ఆవిడ ఒకప్పుడు నూటమూడు జ్వరంతో తొమ్మిది మైళ్ళు నడిచి, పక్క ఊళ్ళో మిగతా కథ విని వచ్చిన మనిషి. స్టూలు మీంచి కాలు దించి, "గడియ వేసి రారా" అంది.

ఆసుపత్రి వరస గేటు దాటి, టీకొట్టు దాటి, ఇంకాస్త ఉంటే బెజవాడ చేరేటట్టు ఉంది. సామ్రాజ్యమ్మ మెట్టు మీద కూర్చుని కాలు చాపింది. "ఊఁ, కానీ."

శివన్నారాయణ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తంబురా లేదు, డక్కీ లేదు. "వినరా సోదరా" అని ఎత్తుకున్నాడో లేదో వరసలో ఎవరో, "అరే, పెసరట్టు ఆయన" అన్నారు. ఇరవై మొహాలు ఇటు తిరిగాయి. ఇరవై నోళ్ళూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆ నవ్వు ఎటు తోసుకుపోతుందో వాడికి తెలుసు. పాట మానేసి, మామూలు గొంతుతో మళ్ళీ మొదలుపెట్టాడు.

"కుక్కకి పిచ్చి ఉంటే దాని చొంగలో ఒక క్రిమి ఉంటుంది అత్తా. కాటులోంచి అది నరం పట్టుకుని మెల్లగా తలకి ఎక్కుతుంది. ఎక్కినంతసేపూ ఏమీ తెలియదు. అన్నం తింటావు, నవ్వుతావు, టీవీ చూస్తావు. తలకి ఎక్కి నీళ్ళంటే భయం పుట్టాక ఇక ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేడు. ఎక్కకముందే సూదులు పడితే మనిషి దక్కుతుంది. ఆ కుక్క పొద్దున చచ్చిపోయింది. నువ్వు నాకు కావాలి. అంతే."

ఎవరూ నవ్వలేదు. తన మాట వెనక అంత నిశ్శబ్దం వాడు పన్నెండేళ్ళలో వినలేదు.

"అయిపోయిందా?" అంది సామ్రాజ్యమ్మ.

"అయిపోయింది."

"ఇందులో నవ్వేం లేదేరా."

"లేదత్తా."

ఆవిడ, పందిట్లో వంత పలికినట్టు, చాలా చిన్న గొంతుతో "తందాన తాన" అంది. వంగి కాలి పీలిక ముడి తనే విప్పుకుంది.

నర్సమ్మ గాయాన్ని కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగింది, అరగంట తిట్టింది. సూదులు వేసి, ఇంకా నాలుగుసార్లు రావాలని చీటీ మీద తేదీలు రాసి ఇచ్చింది. శివన్నారాయణ ఆ చీటీని జేబులో పెట్టుకుని, నాలుగడుగులకోసారి తడిమి చూసుకున్నాడు. గేటు దగ్గర ఒకతను వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. కూతురి దగ్గుకి మందు తీసుకుందామని వచ్చినవాడు. పంచె కాస్త పైకి తీశాడు. కాలికి పీలిక కట్టి ఉంది, అల్లం వాసన వస్తోంది.

"నాది ఆరో రోజు" అన్నాడు. "పర్లేదా అన్నా?"

శివన్నారాయణ అతని రెక్క పట్టుకుని, వరస తప్పించి, డాక్టరు గదిలోకి లాక్కుపోయాడు.

మధ్యాహ్నానికి గురుశిష్యులిద్దరూ మాస్టారి అరుగు మీదికి చేరారు. అత్త ఇంట్లో పడుకుని ఉంది, టీవీ ఆపేసి. అయినా శివన్నారాయణ జేబులో చీటీ తడుముకుంటూనే ఉన్నాడు.

"ఇక వెక్కిరించడం మానెయ్యమంటారా మాస్టారూ?"

"నీ సగం కథ ఎంతమంది విన్నారు?"

వాడు ఫోను తీసి చూశాడు. "పొద్దున పదకొండు వేలు." మళ్ళీ చూశాడు. "ఇప్పుడు పద్నాలుగు."

ఈసారి మాస్టారు చెప్పులు వెతుక్కోలేదు. లోపలికి వెళ్ళి రెండు డక్కీలు తెచ్చారు. ఫోను కిటికీలో నిలబెట్టమన్నారు. శివన్నారాయణ భుజం మీది తువ్వాలు తీసుకుని, నలభై ఏళ్ళలో ఏనాడూ హాస్యం చెప్పని మనిషి తన తలకి తనే చుట్టుకున్నారు. శిష్యుణ్ణి చెయ్యి పట్టుకుని రాజకీయం పక్కన నిలబెట్టారు.

"ఈ పక్కన నవ్వులు తక్కువ" అన్నారు. "అలవాటు చేసుకో."