మాణిక్యమ్మ పోయిన వారం

విశ్వంభరం ఒక ముసలావిడను చంపి, ఆ సంగతి మర్చిపోయాడు.

కంగారు పడకండి, సీరియల్లో. విశ్వంభరం నవలలు రాసి బతికేవాడు. వారపత్రికలు ఇంటింటికీ వెళ్ళే రోజులవి. సోమవారం ఒక పత్రికకి, మంగళవారం ఇంకో పత్రికకి, ఇలా వారంలో ఏ రోజూ ఖాళీ లేకుండా సీరియల్ భాగాలు చెప్పేవాడు. అవును, చెప్పడమే. పడక్కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని చెబుతుంటే ఎదురుగా పానకాలు అనే ఆయన కూచుని రాసుకునేవాడు. రాసింది మళ్ళీ చదువుకోవడం తీరికున్నవాళ్ళ పని అని విశ్వంభరం అభిప్రాయం. అతనికి తీరిక లేదు. లేదని చెప్పుకోవడం అతనికి ఇష్టం కూడా.

ఆ సీరియళ్ళలో ఒకదాంట్లో హీరోకి మేనత్త ఉండేది, మాణిక్యమ్మ. ఇంటికెవరొచ్చినా కాఫీ పట్టుకొచ్చేది ఆవిడే. అంతకుమించి కథలో ఆవిడకి పెద్దగా పని లేదు. ఇంతలో హీరో పట్నం వెళ్ళే ఘట్టం వచ్చింది. వెళ్ళాలంటే మేనత్తకి చెప్పి వెళ్ళాలి. ఆవిడ ఏడుస్తుంది, వీడు ఓదారుస్తాడు, భాగం అంతా దానికే సరిపోతుంది. అవతల కథానాయిక స్టేషన్లో ఎదురు చూస్తోంది. విశ్వంభరం కళ్ళు తెరవకుండానే, "ఆ వారమే మాణిక్యమ్మ కన్నుమూసింది" అన్నాడు. పానకాలు రాశాడు. హీరో రైలెక్కాడు.

కొన్ని వారాలు గడిచాక హీరో ఊరికి తిరిగొచ్చాడు. ఆస్తి తగాదా మాట్లాడ్డానికి ప్లీడరు ఇంటికొచ్చాడు. మాణిక్యమ్మ కాఫీ పట్టుకొచ్చింది. పంచదార సరిపోయిందా అని కూడా అడిగింది. పానకాలుకి అనుమానం రాకపోలేదు. కాని చెప్పేటప్పుడు అడ్డొస్తే ఈయన విసుక్కుంటాడని, తలవంచుకుని రాసుకుంటూ పోయాడు.

పత్రిక బయటికొచ్చింది. ఆ వారంలోనే తెనాలిలో ఒక పెళ్ళికి వెళ్ళాడు విశ్వంభరం. పేరున్న మనిషి కాబట్టి ముందు వరసలో కుర్చీ వేశారు. ఆడవాళ్ళు అటునుంచి వేళ్ళు చూపించి ఏదో చెప్పుకుంటుంటే, తన గురించే అనుకుని లాల్చీ సర్దుకున్నాడు. తన గురించే. కాఫీలు తెస్తున్నారు. పెళ్ళికూతురి పెదనాన్న గొంతు పెద్దది.

"రచయితగారికి మీరెవరూ ఇవ్వకండి. మాణిక్యమ్మగారిని రమ్మనండి. ఆవిడ చచ్చిపోయినా కాఫీ మాత్రం మానలేదట" అన్నాడాయన.

పందిరంతా నవ్వింది. విశ్వంభరం కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? చెవులు రెండూ కాలిపోతున్నాయి. చిన్నప్పుడు బడిలో పక్కవాడి పలకలో చూసి రాస్తూ దొరికిపోయినప్పుడు ఇలాగే అయింది. ఆ కాఫీ ఎలా తాగాడో, కొత్త దంపతుల మీద అక్షింతలు వేశాడో లేదో అతనికి గుర్తు లేదు. భోజనానికి ఉండకుండా ఇంటికి వచ్చేశాడు.

మర్నాడు విజయవాడ నుంచి పత్రికవాళ్ళు ఫోన్ చేశారు. రాబోయే భాగంలో ఏదో ఒకటి చెప్పి సర్దమన్నారు. సర్దకపోతే ఆ సీరియల్ అయ్యాక తరవాతిది వేరేవాళ్ళ చేత రాయిస్తామని మర్యాదగానే అన్నారు. విశ్వంభరం పడక్కుర్చీలో వాలి కళ్ళు మూసుకున్నాడు. మాణిక్యమ్మకి కవల చెల్లెలు ఉందందామా అంటే, శుక్రవారం సీరియల్లో కవలలు ఉన్నారు. ప్లీడరు వచ్చిందంతా హీరోకి వచ్చిన కల అందామా అంటే, ఆ కల నిరుడే వాడేశాడు. శ్మశానం దాకా వెళ్ళి లేచి కూచుందంటే మళ్ళీ పెళ్ళిళ్ళకి వెళ్ళేలా ఉండదు. పానకాలు కలం పట్టుకుని చూస్తున్నాడు.

అప్పుడు గుర్తొచ్చాడు భద్రయ్య మాస్టారు.

మాస్టారు చీరాలలో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాడు. జన్మలో ఆయన రాసినవన్నీ కలిపితే ఒక సన్నపాటి పుస్తకం అవుతుంది. కాని విశ్వంభరానికి కథ అంటే ఏమిటో తెలిసింది ఆయన దగ్గరే. కుర్రతనంలో కథ రాసుకుని వెళ్ళి చదివి వినిపిస్తే, ఆయన బాగుందనీ అనేవాడు కాదు, బాగాలేదనీ అనేవాడు కాదు. కథలోని మనుషుల బాగోగులు అడిగేవాడు. "ఆ పిల్ల అలిగి వెళ్ళిపోయిందన్నావు. మరి ఆ పూట ఎక్కడ తింది?" అనేవాడు. ఆ ఒక్క మాటకి విశ్వంభరానికి రాత్రంతా నిద్ర పట్టేది కాదు. పెద్ద రచయిత అయ్యాక సన్మాన సభల్లో ఈ ముచ్చట చెప్పి జనాన్ని నవ్వించేవాడు. పిల్ల ఎక్కడ తిందో కనుక్కుంటూ కూచుంటే పత్రికవాడు నాకు తిండి పెడతాడా అనేవాడు. బాగా చప్పట్లు పడేవి.

మాస్టారిని చూసి ఏళ్ళయింది. అచ్చయిన పుస్తకాలు పోస్టులో పంపించి, అదే చూడ్డంగా సరిపెట్టుకున్నాడు. ఇప్పుడు పని పడింది కాబట్టి వెళుతున్నాడు. ఆ సంగతి తనకి తెలియకపోలేదు, ముఖం చెల్లదనీ తెలుసు. అయినా పొద్దుటి బండికి బయల్దేరాడు. మాస్టారు ఏదో ఒక దారి చెబుతాడు. అక్కడే కూచుని భాగం రాసేసి, మధ్యాహ్నం ప్యాసింజరు గార్డు చేతికిస్తే సాయంత్రానికి విజయవాడ చేరిపోతుంది.

వెళ్ళేసరికి మాస్టారు వసారాలో చాప మీద కూచుని గోంగూర ఆకు వలుస్తున్నాడు. బనీను, నేత పంచె. మనిషి చిక్కిపోయాడు.

"ఏరా విశ్వం, లావెక్కావు. కూచో" అని, ఒక కట్ట అతని ముందుకి తోశాడు.

పట్టు లాల్చీ నలగకుండా కూచుని విశ్వంభరం కూడా ఆకు వలవడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదని మాస్టారు అడుగుతాడేమోనని జవాబు సిద్ధం చేసుకుని వచ్చాడు. ఆయన అడగలేదు. అడిగితేనే బాగుండేది.

"నా సీరియల్ చూస్తున్నారా మాస్టారూ?"

"క్షవరానికి వెళ్ళినప్పుడల్లా చూస్తాను. సెలూన్‌కి వస్తుంది ఆ పత్రిక. మధ్యలో కొన్ని దొరకవు, ఎవరో పట్టుకుపోతారు." ఇంకో కాడ అందుకుని, "అందులో మాణిక్యమ్మ బాగుందిరా" అన్నాడు. "తక్కినవాళ్ళు నాకంత దగ్గర కాలేదు గాని, ఆవిడ బాగుంది. మొన్న ఆ ప్లీడర్ని అడిగింది చూడు, పంచదార సరిపోయిందా అని. దావా వెయ్యడానికి వచ్చినవాణ్ణి అలా అడిగేవాళ్ళు ఎవరున్నారు?"

పందిట్లో అంతమంది నవ్విన మాటని ఈయన మెచ్చుకుంటున్నాడు. మెచ్చుకుంటుంటే విశ్వంభరానికి సంతోషం వెయ్యకపోగా ఇంకా సిగ్గేసింది.

"ఆవిడ సంగతి మాట్లాడదామనే వచ్చాను మాస్టారూ."

"ఏమైంది?"

"ఆవిడ పోయింది."

మాస్టారి చేతిలో గోంగూర కాడ అలాగే ఉండిపోయింది. "ఎప్పుడు?" అన్నాడు.

"చాలా రోజులైంది. ప్లీడరు రాకముందే. ఆ సంచిక మీకు దొరికుండదు. పోయిందని చెప్పింది నేనే. ఆ సంగతి మర్చిపోయి మళ్ళీ కాఫీ ఇప్పించాను. ఇప్పుడు ఏదో ఒకటి చెప్పి సర్దాలి. మీకేమైనా తోస్తుందేమోనని..."

మాస్టారు ఒళ్ళో ఉన్న ఆకు చాప మీద పెట్టాడు. కళ్ళజోడు తీసి కిటికీలో పెట్టి, లేచి పెరట్లోకి వెళ్ళాడు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడనుకుని విశ్వంభరం కాస్త గొంతు పెంచి చెబుతూనే ఉన్నాడు.

"కవల చెల్లెలంటే జనం ఒప్పుకోరు మాస్టారూ. కలంటే నిరుడే వాడాను. పోయిందన్న కబురే తప్పుడు కబురని రాస్తే ఎలా ఉంటుందంటారు? ఆ వారం ఆవిడ ఊళ్ళో లేదని, టెలిగ్రాం తారుమారయిందని..."

పెరట్లో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడయింది. లేచి వెళ్ళి చూశాడు. గోలెం దగ్గర మాస్టారు బనీనుతో, పంచెతో అలాగే నిలబడి నెత్తిమీద చెంబుతో నీళ్ళు గుమ్మరించుకుంటున్నాడు. పంచె ఒంటికి అతుక్కుపోయి కాళ్ళు సన్నగా కనబడుతున్నాయి. ముసలి ఒళ్ళు చన్నీళ్ళకి వణుకుతోంది.

చావు కబురు వింటే కట్టుబట్టలతో నీళ్ళు పోసుకుంటారని తెలుగువాడికెవరికీ చెప్పక్కర్లేదు. విశ్వంభరం గబగబా దగ్గరికి వెళ్ళాడు.

"ఏమిటి మాస్టారూ? ఎవరు పోయారు?"

"నువ్వే కదరా చెప్పావు."

అది అర్థం కావడానికి విశ్వంభరానికి కాస్త సమయం పట్టింది. ముందు నవ్వు రాబోయింది. మాస్టారి ముఖం చూసి ఆగిపోయాడు. ఆయన వేళాకోళం చెయ్యడం లేదు.

"మాస్టారూ, ఆవిడ నిజం మనిషి కాదు కదా" అన్నాడు మెల్లగా.

మాస్టారు ముఖం మీద నీళ్ళు చేత్తో తుడుచుకుని అతనికేసి చూశాడు.

"నువ్వలా అనుకుంటున్నావని నాకు తెలీదురా" అన్నాడు.

కోప్పడి ఉంటే విశ్వంభరం తట్టుకునేవాడు. ఏదో బదులు చెప్పేవాడు కూడా. ఆయన గొంతులో కోపం లేదు. ఇన్నాళ్ళూ పొరబడ్డాను సుమా అన్నట్టుంది. పెళ్ళి పందిట్లో అంతమంది మధ్య తలెత్తుకుని నవ్వగలిగినవాడు, ఇక్కడ ఎవరూ లేని పెరట్లో తలెత్తలేకపోయాడు. తడిసిన నేల కేసి చూస్తూ నిలబడ్డాడు.

మాస్టారు చెంబు గోలెంలో ముంచి అతని ముందుకి చాపాడు.

"నాది ఉట్టి పరిచయం. నువ్వు కన్నవాడివి."

"మధ్యాహ్నం బండికి భాగం పంపించాలి మాస్టారూ" అన్నాడు విశ్వంభరం. తన గొంతు తనకే చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది. "ఇంతవరకు నేను ఒక్క వారం కూడా తప్పలేదు."

"మైలలో ఉన్నవాడు పనిలోకి పోతాడా?"

అంతే అన్నాడాయన. చెంబు అతని చేతిలో పెట్టి, నీళ్ళు కారుతున్న పంచె ఒక చేత్తో పట్టుకుని, పొడిబట్ట కట్టుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

విశ్వంభరం చాలాసేపు చెంబు పట్టుకుని నిలబడ్డాడు. వెళ్ళిపోవచ్చు. స్టేషన్ దగ్గరే. టెలిగ్రాం తారుమారయిందని రాసి పారేస్తే పత్రికవాళ్ళు వేసుకుంటారు, పాఠకులు వారం తిరిగేసరికి మర్చిపోతారు. అతనికది బాగా తెలుసు. అదే తెలుసు గనక ఇన్నేళ్ళూ హాయిగా రాసుకున్నాడు. కాని మర్చిపోనివాడు ఒకడు లోపల గదిలో ఒళ్ళు తుడుచుకుంటున్నాడు.

కళ్ళు మూసుకుని నెత్తిన పోసుకున్నాడు. రెండో చెంబు తనే ముంచుకున్నాడు. మూడోది పోసుకున్నాక గాని జేబులో పెన్ను ఉన్న సంగతి గుర్తు రాలేదు. పట్టు లాల్చీ మీద సిరా పెద్ద మరకై కిందికి పాకుతోంది. తుడుచుకోబోయి మానేశాడు.

పిట్టగోడ అవతల ఒకావిడ బట్టలు ఆరేస్తోంది. కథలూ పత్రికలూ ఎరగని మనిషి. ఇందాక మాస్టారిని చూసింది, ఇప్పుడు ఇతన్ని చూసింది. బట్టలు తీగ మీద పడేసి గోడ దగ్గరికి వచ్చింది.

"అయ్యో, ఎవరు పోయారు బాబూ?"

ఎవరూ పోలేదని చెప్పవచ్చు. విశ్వంభరం చెప్పలేకపోయాడు.

"మాణిక్యమ్మ" అన్నాడు.

"మాస్టారి తాలూకా?"

"కాదు. మా మనిషే."

"పెద్దావిడేనా?"

"పెద్దావిడే."

"పాపం. ఏం జబ్బు చేసింది నాయనా?"

విశ్వంభరం దగ్గర జబ్బులకి కరువు లేదు. వారానికొకళ్ళని పైకి పంపించినవాడు. గుండె జబ్బులూ, విషజ్వరాలూ, డాక్టర్లు పెదవి విరవడాలూ అన్నీ నాలిక చివర ఉంటాయి. కళ్ళు మూసుకుంటే చాలు, వరసగా వస్తాయి. కళ్ళు మూసుకోలేదు. నోరు తెరిచాడు గాని ఒక్కటీ బయటికి రాలేదు.

ఆవిడ ఇంకొంచెం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"ఆఖర్న నోట్లో నీళ్ళు ఎవరు పోశారు బాబూ? దగ్గర ఎవరన్నా ఉన్నారా?"

తల మీంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి.

"తెలీదమ్మా" అన్నాడు విశ్వంభరం. "నేను దగ్గర లేను."