గురవయ్య చేతిలో మైకు

నరసరావుపేటలో గురవయ్య అనే కబడ్డీ ఆటగాడు ఉండేవాడు; తనకు అన్యాయం జరిగితే ఊరు పీకి పందిరేసేవాడు, అదే పక్కవాడికి జరిగితే మాత్రం బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయేవాడు.

గురవయ్య కూతకెళ్ళే ఆటగాడు కాదు, పట్టేవాడు. అవతలి జట్టు రైడర్ కూత పెట్టుకుంటూ లోపలికొస్తే, పక్కవాడి చెయ్యి పట్టుకుని కాచుకుని ఉండేవాడు. ఇద్దరు డిఫెండర్లు అలా చేయీ చేయీ కలిపి నిలబడడాన్ని ఆటగాళ్ళు చైన్ అంటారు. మూలనున్నవాడు రైడర్ కాలు దొరకబుచ్చుకోగానే, చైన్‌లో రెండోవాడు మీదపడి నొక్కెయ్యాలి. వాడు రాకపోతే మొదటివాడి పని అయిపోయినట్టే. రైడర్ అతణ్ణి ఈడ్చుకుంటూ పోయి మధ్య గీత ముట్టుకుంటాడు. పెద్ద లీగులో ఆడినన్నాళ్ళూ గురవయ్య ఎవరి చెయ్యీ వదల్లేదు. వేళ్ళు వంకరపోయాయి, భుజం జారింది, చివరికి మోకాలు కూడా పోయింది.

ఇంత చేసినా టీవీలో అతని పేరు వినపడేది కాదు. రైడర్ ఒక్క పాయింటు తెస్తే వ్యాఖ్యాతలు గొంతు చించుకునేవాళ్ళు. గురవయ్య అదే రైడర్‌ని ఎత్తి కుదేస్తే, "అయ్యో, రైడర్ జారిపడ్డాడు పాపం" అనేవాళ్ళు. ఎప్పుడైనా పట్టు తప్పిందా, అప్పుడు గుర్తొచ్చేది వాళ్ళకు గురవయ్య పేరు! ఒళ్ళు మండదూ మరి? ఇంట్లో పాత మ్యాచ్ వేసినప్పుడల్లా అతను టీవీ మీద విరుచుకుపడేవాడు.

"ఎప్పుడన్నా మట్టిలో పొర్లాడా వీడు? ఏసీ గదిలో కూర్చుని నాలో తప్పులు పడతాడా!" అని అరిచేవాడు.

"టీవీకి వినపడుద్దా ఏందయ్యా? ముందు అన్నం తిను" అనేది భార్య నాగరత్నం.

"ఆ మైకు నాకిమ్మను. ఒక్కరోజు ఇమ్మను. పట్టేవాడి కష్టం ఏందో ఊరూరా వినిపిస్తా."

మోకాలు పోయి ఆట మానేశాక, నిజంగానే మైకు వచ్చింది. హైదరాబాదులో ఒక ఛానల్ వాళ్ళు తెలుగు వ్యాఖ్యానానికి పిలిచారు. గురవయ్య మొదట్లో మాట నిలబెట్టుకున్నాడు. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో, ఎవరు ముందు దూకారో, ఎవరి భుజం తగిలి రైడర్ ఆగాడో విడమరిచి చెప్పేవాడు. డిఫెండర్ల తల్లులు ఫోన్లు చేసి ఏడ్చేవాళ్ళు.

కొన్నాళ్ళకు కార్యక్రమం నడిపే ప్రణీత్ అతణ్ణి పక్కకు పిలిచాడు.

"సార్, జనం రైడర్లని చూడ్డానికొస్తారు. మీరేమో కాళ్ళు పట్టుకునేవాళ్ళ గోల చెప్తారు. ఇట్లయితే కష్టం" అన్నాడు.

గురవయ్యకు చుర్రుమంది. కానీ మైకు పోతుందేమోనని భయం వేసింది. నవ్వేసి ఊరుకున్నాడు. మర్నాటి నుంచి రైడర్లకు బిరుదులు మొదలయ్యాయి. కృష్ణా కెరటాలు అనే జట్టు కెప్టెన్ అభిజిత్ కూతకు బయల్దేరితే చాలు, "పిడుగు బయల్దేరింది, తలుపులేసుకోండి!" అని కేకపెట్టేవాడు. టీ కొట్ల దగ్గర కుర్రాళ్ళు ఆ కేకను అనుకరించేవాళ్ళు. పట్టు తప్పిన డిఫెండర్ మీద మాత్రం జోకులు. "వాచ్‌మన్ గేటు తీసి నిద్రపోయాడు!" అంటే స్టూడియో అంతా పగలబడి నవ్వేది.

"నిన్ను అన్నట్టే నువ్వూ అంటన్నావే?" అంది నాగరత్నం ఒకసారి.

"అది షో. నీకు తెలవదు, గమ్మునుండు" అన్నాడు గురవయ్య.

ఆ ఏడాది కృష్ణా కెరటాల జట్టు సెమీఫైనల్ విశాఖపట్నంలో జరిగింది. గురవయ్య అక్కడికే వెళ్ళి, కోర్టుకు పైనున్న గదిలో కూర్చుని వ్యాఖ్యానం చెబుతున్నాడు. ఆ జట్టులో ఎడమ మూల కాచేవాడు యోహాను. వినుకొండ వాడు. పట్టు ఎలా పట్టాలో గురవయ్య దగ్గరే నేర్చుకున్నాడు. చాలాకాలం బెంచీ మీద కూర్చుని, ఆ సీజన్‌లోనే జట్టులో చోటు సంపాదించాడు. ఒక్క మ్యాచ్ తన వల్ల పోయిందన్న పేరొస్తే మళ్ళీ బెంచీ కూడా దక్కదని అతనికి తెలుసు.

ఆట చివరికొచ్చింది. స్కోరు సమానంగా ఉంది. ఇంకా రెండే రైడ్లు మిగిలాయి. మొదటిది అవతలివాళ్ళది, ఆఖరిది అభిజిత్‌ది. అవతలి రైడర్ కూత పెట్టి ఎడమ మూలకు వచ్చాడు. యోహాను, అభిజిత్ చేతులు కలిపి చైన్‌లో ఉన్నారు. రైడర్ కాలు చాపాడు. యోహాను చటుక్కున చీలమండ పట్టేశాడు. పట్టు కుదిరింది! ఇక అభిజిత్ మీదపడితే చాలు.

అభిజిత్ చెయ్యి వదిలేశాడు. వదిలి, రెండడుగులు వెనక్కి వేశాడు. తాను కూడా ఔటైతే బయట కూర్చోవాలి, ఆఖరి రైడ్ చేజారిపోతుంది. గెలిపించిన వీరుడన్న పేరు తనకే దక్కాలి. అదీ అతని లెక్క. యోహాను ఒంటరిగా కాలు పట్టుకుని వేలాడాడు. రైడర్ అతణ్ణి ఈడ్చుకుంటూ పోయి గీత ముట్టుకున్నాడు. తర్వాత ఆఖరి రైడ్‌కు వెళ్ళిన అభిజిత్ ఏమీ తేలేక ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. జట్టు ఓడిపోయింది.

పైనుంచి తీసిన కెమెరాలో అంతా కనపడింది. చెయ్యి జారలేదు, వదిలేశాడు. మామూలు జనానికి ఆ తేడా తెలియకపోవచ్చు. ఇన్నేళ్ళు చైన్‌లో నిలబడ్డ గురవయ్యకు తెలియదా? కుర్చీలోంచి సగం లేచాడు. నోరు తెరిచాడు. అప్పుడే చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లో ప్రణీత్ గొంతు వినపడింది.

"అన్నా, అభిజిత్ చెయ్యి సంగతి ఎత్తొద్దు. రేపు మనకు అతని ఇంటర్వ్యూ ఉంది."

గురవయ్య మళ్ళీ కూర్చున్నాడు. మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"యోహాను తొందరపడ్డాడు! చైన్ తెంచుకుని ఒక్కడే దూకాడు! కెప్టెన్ ఏం చేస్తాడు పాపం? ఒక్కడి తొందర జట్టును ముంచింది!" అన్నాడు.

ఛీ! ఎవరో తెలియనివాడు అంటే తెలియక అన్నాడనుకోవచ్చు. వంకరపోయిన ఆ వేళ్ళతోనే మైకు పట్టుకుని, కళ్ళారా చూసిన దాన్ని కాదన్నాడు గురవయ్య. తెల్లారేసరికి ఆ మాటలు ఫోను ఫోనుకూ పాకాయి. యోహాను ఫొటో పెట్టి తిట్టనివాడు లేడు. జట్టు మేనేజరు అతణ్ణి పిలిచి బ్యాగు సర్దుకోమన్నాడు.

"నా తప్పు లేదు సార్, వీడియో చూడండి" అన్నాడు యోహాను.

"మేం చూసేదేముంది? నీకు ఆట నేర్పినాయనే చెప్పాడుగా" అన్నాడు మేనేజరు.

యోహాను తిన్నగా గురవయ్య దిగిన హోటలుకు వచ్చాడు. గురవయ్య టిఫిన్ తింటున్నాడు. యోహాను కూర్చోలేదు.

"అన్నా, నువ్వు చూళ్ళేదా?"

గురవయ్య ప్లేటు వంక చూస్తూ, "చూశా" అన్నాడు.

"మరి?"

"అది కాదురా. మైకు దగ్గర మన చేతిలో ఏం ఉండదు. చెవిలో వాళ్ళు చెబుతానే ఉంటారు..."

"చెవి వాళ్ళది. నోరెవరిది?" అని అరిచాడు యోహాను. చుట్టూ తింటున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. "అభిజిత్ చెయ్యి వదిలితే నాకు అంత కోపం రాలా అన్నా. రైడర్లెప్పుడూ అంతే. మన మనిషి పైన కూర్చున్నాడు, చెబుతాడులే అనుకున్నా. కింద పడుండి కూడా అదే అనుకున్నా!"

యోహాను వెళ్ళిపోయాడు. గురవయ్య ప్లేటు పక్కకు నెట్టి లేచాడు. ఆ పూటే ప్రణీత్ దగ్గరికి పోయి, "ఫైనల్ రోజు నిజం చెప్పాలి, నాకు కాస్త సమయం ఇవ్వండి" అన్నాడు.

"అది పాతబడిపోయిన కథ అన్నా. ఇప్పుడెవరిక్కావాలి?" అన్నాడు ప్రణీత్.

గురవయ్య బల్ల గుద్ది అరిచాడు. ప్రణీత్ అరవలేదు. ఫైనల్‌కు వేరే వ్యాఖ్యాతను పెట్టుకున్నాడు, అంతే.

వేసవిలో వినుకొండలో కబడ్డీ పోటీలు పెట్టారు. లీగు వాళ్ళు వదిలేసిన యోహాను ఆ మట్టి కోర్టులోనే ఆడుతున్నాడని తెలిసి గురవయ్య వెళ్ళాడు. నిర్వాహకులు సంబరపడిపోయారు. ఎదురెళ్ళి, పూలదండ వేసి, చేతికి మైకు ఇచ్చారు. ఊరందరి ముందూ నిజం చెప్పెయ్యాలని గురవయ్య మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అందరికీ నమస్కారం. నేను ఒక మాట..."

కోర్టులో డిఫెండర్లు ఒక్కొక్కరే కింద కూర్చున్నారు. రెండు జట్ల వాళ్ళూ కూర్చున్నారు. రిఫరీ విజిల్ ఊదినా లేవలేదు.

"ఏందయ్యా ఇది, లేవండి!" అన్నారు నిర్వాహకులు.

"ఆయన మైకు కింద పెట్టేదాకా ఆట లేదు. ఆ మైకులో ఆయనేం చెబుతాడో మాకు తెలుసు. ఇంకెవర్ని బలిస్తాడో!" అన్నాడు ఒకడు.

"నిజం చెప్పడానికే వచ్చానయ్యా!" అన్నాడు గురవయ్య. ఎవరూ కదల్లేదు. జనం ఈలలు వేశారు. మైకు బల్ల మీద పెట్టేసి, కుంటుకుంటూ కోర్టులోకి నడిచి యోహాను ముందు నిలబడ్డాడు.

"తప్పు యోహానుది కాదు! అభిజిత్ చెయ్యి వదిలేశాడు! నేను చూసి కూడా అబద్ధం చెప్పా!" అని గొంతు చించుకుని అరిచాడు.

ఆ అరుపు ముందు వరసలో కూర్చున్న నలుగురికి వినపడింది. వెనకవాళ్ళు "ఏమంటన్నాడు? ఏమంటన్నాడు?" అని ఒకళ్ళనొకళ్ళు అడిగారు. అబద్ధాన్ని రాష్ట్రమంతా విన్నది. నిజం ఆ నలుగురి దగ్గరే ఆగిపోయింది.

యోహాను లేచి మట్టి దులుపుకున్నాడు. "విన్నా అన్నా. ఇక పక్కకు జరుగు, ఆడుకోవాలి" అన్నాడు. అతను మళ్ళీ లీగులో ఆడలేదు. గురవయ్యను మళ్ళీ ఏ ఛానలూ పిలవలేదు.

నీతి: తనకు జరిగిన అన్యాయానికి ఎవడైనా మండిపడతాడు, అదే అన్యాయం ఇంకొకరికి జరుగుతున్నప్పుడు, నీ మాట నలుగురూ వినే ఆ క్షణంలోనే నోరు తెరవాలి, ఆ తర్వాత ఎంత అరిచినా ఎవరికీ వినపడదు.