గేటు ముందు కారు

సికింద్రాబాదులో విద్యాసాగర్ అనే ఒక బ్యాంకు ఉద్యోగి ఉండేవాడు. మనిషి మంచివాడే కానీ, తన పని అయితే చాలు, తన కారు ఎవరి దారికి అడ్డం నిలిచిందో పట్టించుకునేవాడు కాదు.

ఆ ఊళ్లో కారు కొనడం తేలిక, దాన్ని నిలపడమే కష్టం. విద్యాసాగర్‌కు మాత్రం ఆ కష్టం ఉండేది కాదు. మందుల దుకాణం ముందు, బస్సులు ఆగే చోట, బడి గేటు పక్కన, ఎక్కడ కాస్త ఖాళీ కనిపిస్తే అక్కడ కారు దూర్చేసేవాడు. ఎవరైనా కేకలేస్తే నవ్వుతూ, "ఇదిగోనండీ, తీసేస్తున్నా" అనేవాడు. ఆ నవ్వు చూసి చాలామంది చల్లబడేవారు. చల్లబడనివాళ్లు తిట్టేవారు. అప్పుడతను అద్దాలు పైకెత్తుకుని వెళ్లిపోయేవాడు.

భార్య హైమావతికి ఇది నచ్చేది కాదు. "కాస్త దూరంగా పెట్టి నడిచి వెళ్దామండీ" అనేది.

"నడిచేదానికి కారెందుకే?" అనేవాడు విద్యాసాగర్.

అది ఎండాకాలం. ఆవకాయలు పెట్టే రోజులు. ఒక ఆదివారం పొద్దున మొగుడూ పెళ్లాలు మామిడికాయల కోసం మోండా మార్కెట్‌కు బయలుదేరారు. ఊరు ఊరంతా ఆ రోజే మామిడికాయలకు వచ్చినట్టుంది. డబ్బు కట్టి కార్లు పెట్టుకునే స్థలం నిండిపోయి, దాని ముందు తాడు కట్టేశారు. రోడ్డు పక్కనంతా బండి వెనక బండి. ఖాళీగా ఉన్న చోట దుకాణాలవాళ్లు రాళ్లు పెట్టుకున్నారు. విద్యాసాగర్ మార్కెట్ చుట్టూ తిరిగాడు. మళ్లీ తిరిగాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఒకచోట ఒక కారు బయటికి వస్తుంటే ఆశగా ఆగాడు. వెనకనుంచి ఆటో ఒకటి వచ్చి ఆ ఖాళీలో దూరింది.

చివరికి మార్కెట్ వెనక ఒక ఇరుకు గల్లీలోకి తిప్పాడు. రెండు వైపులా స్కూటర్లు, మోటారు సైకిళ్లు. మధ్యలో ఒక పాత ఇల్లు, దానికి ఇనుప గేటు. ఆ గేటు ముందు మాత్రం కారు పట్టేంత ఖాళీ ఉంది. గేటు మీద ఎర్ర రంగుతో రాసి ఉంది: "ఇక్కడ బండి పెట్టరాదు."

విద్యాసాగర్ కరెంటు స్తంభానికీ గేటుకూ మధ్య కారును నేర్పుగా ఇరికించాడు.

"లోపల కారుందండీ" అంది హైమావతి, గేటు సందులోంచి చూస్తూ. "వాళ్లు బయటికి రావాలంటే?"

"ఆదివారం పొద్దున్నే ఎక్కడికి పోతారు? అన్నం కూడా వండుకుని ఉండరు. మనం ఇలా వెళ్లి అలా వచ్చేస్తాం."

"గేటు కొట్టి ఒక మాట చెప్పి వెళ్దాం."

"చెబితే వద్దంటారు" అన్నాడు విద్యాసాగర్, తాళం వేస్తూ.

కాయలు కొనడం త్వరగానే అయింది. ముక్కలు కొట్టించడం దగ్గరే ఆలస్యమైంది. పెద్ద కత్తిపీటలు పెట్టుకుని నలుగురైదుగురు వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు సంచులతో గుంపు. టెంక పగిలే చప్పుడుతో, పులుపు వాసనతో ఆ చోటంతా నిండిపోయింది. విద్యాసాగర్ వరసలో నిలబడ్డాడు. వరస నత్తలా కదిలింది.

అప్పుడు గల్లీ వైపు నుంచి హారన్ వినిపించింది. ఒకసారి కాదు. ఆగి, మళ్లీ. ఆగి, మళ్లీ. తర్వాత ఆగకుండా ఒకటే మోత.

హైమావతి అతని మోచెయ్యి పట్టుకుంది. "మన కారు గురించేనేమో."

"ఈ ఊళ్లో హారన్ మోగని చోటు ఎక్కడుంది?" అన్నాడతను. కానీ అతని మనసుకు తెలుసు. ఆ మోత వచ్చేది ఆ గేటు దగ్గర నుంచే. అతని ముందు ఇంకా ఇద్దరున్నారు. ఇప్పుడు వెళితే వరస పోతుంది. మళ్లీ మొదటి నుంచి నిలబడాలి. వెళ్లలేదు.

కాసేపటికి హారన్ ఆగింది. "చూశావా? వాళ్లే సర్దుకున్నారు" అన్నాడు.

ఆ మాట అన్నాడో లేదో, చెమటలు కక్కుతూ ఒక మనిషి గుంపులోకి వచ్చాడు. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా అరిచాడు. "అన్నా! అమ్మా! వెనక గల్లీల బూడిద రంగు కారు ఎవరిది? గేటు ముంగట పెట్టిండ్రు. జల్ది తియ్యాలె. పెద్దమ్మను దవాఖానకు తీస్కపోవాలె!"

సరిగ్గా అప్పుడే కత్తిపీట ముందు కూర్చున్నవాడు విద్యాసాగర్ సంచి అందుకుని కాయలు కుమ్మరించాడు. విద్యాసాగర్ నోరు తెరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఎవరా అని అటూ ఇటూ చూస్తున్నారు. ఇప్పుడు నాదే అంటే ఇంతమందిలో తల కొట్టేసినట్టవుతుంది. ఇంకెంతసేపు, ముక్కలు కాగానే వెళ్లి తీసేస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు. తల వంచుకుని కాయల వైపు చూశాడు. హైమావతి ఏదో అనబోయింది. అతను కళ్లతోనే వద్దన్నాడు. ఆమె ఊరుకుంది.

ఆ మనిషి ఇంకో రెండుసార్లు అరిచి, కూరగాయల అంగళ్ల వైపు పరుగెత్తాడు.

ముక్కల సంచి మోసుకుని గల్లీలోకి తిరిగేసరికి గేటు తెరిచి ఉంది. ఇరుగుపొరుగు పోగయ్యారు. విద్యాసాగర్ కారుకు ఒక పక్కన మట్టి చేతుల గుర్తులు ఉన్నాయి. అందరూ కలిసి దాన్ని ఎత్తి జరపాలని చూశారు. స్తంభం అడ్డమొచ్చి కదల్లేదు. గేటు లోపలి కారులో, ముందు సీటును వెనక్కి వాల్చి, ఒక ముసలావిడను పడుకోబెట్టారు. ఆవిడ ఒంటి మీద పలచటి దుప్పటి ఉంది. పక్కన మెట్టు మీద నడివయసు స్త్రీ ఒకామె కూర్చుని ఉంది. చేతిలో కారు తాళాలున్నాయి.

విద్యాసాగర్ తిట్లకు సిద్ధపడే వచ్చాడు. చెప్పాల్సిన సాకు కూడా దారిలోనే ఆలోచించుకున్నాడు. కానీ ఎవరూ తిట్టలేదు. మార్కెట్‌లో అరిచిన మనిషి మాత్రం దగ్గరికి వచ్చి అతని చేతిలోని సంచిని చూశాడు. ఆ ఇంట్లో అద్దెకుండే బాలరాజు అతను.

"నేను ఒర్రినప్పుడు నువ్వు ఆడనే ఉన్నవ్ గదన్నా" అన్నాడు.

"నాకు... వినపడలేదండీ" అన్నాడు విద్యాసాగర్.

హైమావతి తల దించుకుంది.

మెట్టు మీద కూర్చున్న ఆమె పేరు శకుంతల. ముసలావిడ ఆమె తల్లి అనసూయమ్మ. ఆవిడకు ఈమధ్యే తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. కూర్చోలేదు, నిలబడలేదు. ఆటోలో ఎక్కించాలని చూస్తే నొప్పికి గిలగిల్లాడిపోయింది. ఫోన్ చేసి పిలిచిన బాడుగ కారు గల్లీ మొదట్లోనే ఇరుక్కుని వెనక్కి పోయింది. ఇంతకీ ఆసుపత్రికి వెళ్లాల్సింది ఆవిడ కోసం కాదు. ఆవిడ తమ్ముడు నరహరి అక్కడ చివరి ఘడియల్లో ఉన్నాడు. పొద్దున స్పృహ వచ్చి, "అక్కను తీసుకురండి" అని ఒకే మాట అన్నాడట. ఫోన్‌లో చూపిద్దామంటే లోపలికి ఫోన్లు రానివ్వలేదు.

ఈ సంగతంతా పొరుగావిడ ఒకామె చెబుతుంటే వింటూ విద్యాసాగర్ కారు వెనక్కి తీశాడు. గల్లీ చివర వదిలేసి పరుగున వచ్చాడు. శకుంతల తాళం పెట్టబోతోంది. తొందరలో తాళం జారి కింద పడింది.

హైమావతి ముందుకొచ్చింది. "మీరు వెనక కూర్చోండమ్మా. మా ఆయన నడుపుతారు."

శకుంతల అతని ముఖం వైపు ఒక్కసారి చూసి, వెనక ఎక్కింది.

పెళ్లిళ్ల రోజులు కావడంతో ప్యారడైజ్ కూడలి దగ్గర బండ్లు గుట్టలుగా ఆగిపోయాయి. విద్యాసాగర్ తన జీవితంలో ఎన్నడూ నడపనంత జాగ్రత్తగా నడిపాడు. ప్రతి గతుకుకూ అనసూయమ్మ పళ్లు బిగబట్టేది.

"ఎవరు నాయనా నువ్వు?" అని అడిగింది కాసేపటికి.

అతను గేరు మార్చాడు. వెనక నుంచి శకుంతలే, "సాయం చేస్తున్నారమ్మా" అంది.

"చల్లగా ఉండు నాయనా" అంది ముసలావిడ. "వాణ్ణి నేనే పెంచాను. మా అమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్లు కూడా ఊడలేదు. నా చెయ్యి పట్టుకోందే నిద్రపోయేవాడు కాదు. ముసలాడైనా ఏం తోచకపోతే వచ్చి నా మంచం మీదే కూర్చుంటాడు. అలిగి పోయాడు పోయిన నెల. ఇల్లు అమ్మేద్దామంటే నేను ఒప్పుకోలేదని. అప్పటినుంచి మాటల్లేవు. ఇవాళ పిలిచాడు చూడు."

బేగంపేట వంతెన ఎక్కేటప్పుడు శకుంతల ఫోన్ మోగింది. ఆమె చెవి దగ్గర పెట్టుకుంది. అవతలివాళ్లు చెప్పేది వింది. చివరికి "సరే బావా" అని ఫోన్ పెట్టేసింది.

"ఏమంటున్నారే?" అంది అనసూయమ్మ.

"ఎక్కడిదాకా వచ్చారని అడుగుతున్నారమ్మా. వచ్చేస్తున్నామని చెప్పాను."

విద్యాసాగర్‌కు ఆ గొంతులోనే అర్థమైపోయింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. ఇక తొందర లేదు. అయినా ఆ ముసలావిడ తొందరగా పోనీ నాయనా, తొందరగా పోనీ అంటూనే ఉంది. అతను అలాగేనమ్మా అంటూ వంతెన దిగాడు.

ఆసుపత్రి వరండాలో నరహరి కొడుకు ఎదురొచ్చాడు. చక్రాల మంచం మీద పడుకున్న మేనత్త మీదికి వంగి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఇంతసేపూ తలుపు వైపే చూశాడత్తా. ఎవరు లోపలికొచ్చినా అక్కేనా అన్నాడు. ఇప్పుడే, ఇప్పుడే..."

అనసూయమ్మ ఏడవలేదు. "నన్ను వాడి దగ్గరికి తీసుకెళ్లండి" అంది. తీసుకెళ్లారు. తలుపు మూసుకుంది. విద్యాసాగర్ ఆ తలుపుకు ఇవతల గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పొమ్మని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మామిడి ముక్కలు గిన్నెలో అలాగే నల్లబడ్డాయి. హైమావతి వాటికి ఉప్పు కూడా కలపలేదు.

"వినపడలేదన్నారు" అంది. "మీకు వినపడింది. నాకూ వినపడింది. నేనూ నోరు మూసుకున్నాను."

దినకర్మలు అయిపోయాక విద్యాసాగర్ సిటీ బస్సెక్కి ఆ గల్లీకి వెళ్లాడు. ఆ అబద్ధంతోనే బతికేస్తే అడిగేవాళ్లు లేరు. పైగా ఆసుపత్రి దాకా కారు నడిపినందుకు ఆ ఇంట్లో అతన్ని మంచిగానే తలుచుకుంటూ ఉండవచ్చు. ఆ ఆలోచనే అతన్ని నిద్రపోనివ్వలేదు.

శకుంతల తలుపు తీసింది. అనసూయమ్మ మంచం మీద పడుకుని ఉంది. పక్కన కుర్చీ ఉన్నా అతను కూర్చోలేదు.

"అమ్మా, ఆ రోజు గేటు ముందు కారు పెట్టింది నేనే."

"తెలుసు నాయనా. శకుంతల చెప్పింది."

"వినపడలేదని అబద్ధం చెప్పాను. హారన్ వినపడింది. బాలరాజు అరిచిందీ వినపడింది. ఆసుపత్రికి తీసుకెళ్లాలన్న మాటా వినపడింది. వరస పోతుందని, నలుగురిలో సిగ్గని కదల్లేదు." అతని కళ్లు నిండాయి. "నన్ను క్షమించండి."

అనసూయమ్మ ఇంటి కప్పు వైపు చూసింది.

"క్షమించాను నాయనా. కోపం పెట్టుకుని ఏం చేసుకోను, ఈ వయసులో? నువ్వు నిజం చెప్పావు, అది నీకే మంచిది." ఆవిడ తల అతని వైపు తిప్పింది. "కానీ వాడు నాతో ఏం చెప్పాలనుకున్నాడో? అలక తీరిందో, తీరకుండానే పోయాడో? రాత్రి పడుకున్నా అదే, లేచినా అదే. అది ఎవరినడగను? నువ్వు తెచ్చి ఇవ్వగలవా?"

విద్యాసాగర్ తల వంచుకుని నిలబడ్డాడు. ఆవిడ కళ్లు మూసుకుంది. శకుంతల నెమ్మదిగా, "అమ్మ పడుకుంటుందండీ" అంది. అతను చేతులు జోడించి బయటికి వచ్చాడు.

ఆ తర్వాత అతను చోటు దొరికేదాకా ఎంత దూరమైనా వెళ్లేవాడు. దొరికిన చోట కారు పెట్టి ఎండలోనైనా వానలోనైనా నడిచి వచ్చేవాడు. చూసినవాళ్లు మంచి అలవాటన్నారు. ఆ పొగడ్త వింటే అతనికి లోపల ఎక్కడో కలుక్కుమనేది. తను మారినంత మాత్రాన పోయిన ఘడియ తిరిగి రాదని అతనికి తెలుసు.

నీతి: మన సౌకర్యం కోసం ఇంకొకరి దారికి అడ్డం నిలవకూడదు, క్షమాపణ కోపాన్ని చల్లార్చగలదు కానీ, జారిపోయిన ఘడియను వెనక్కి తేలేదు.