సుంకన్న రాయి పక్కన ఇంకో రాయి

అనగనగా వాన కోసం మొహం వాచిపోయిన ఊరొకటి ఉండేదమ్మలూ. నీ జపాను బొమ్మల పుస్తకంలో వీరుడి ముత్తాత రెండంటే రెండు బొమ్మల్లో కనబడి మాయమైపోయాడని బెంగపడ్డావే, ఇవాళ అలాంటి ముత్తాత కథే. దుప్పటి కప్పుకో. మధ్యలో లేచావంటే చెప్పను.

ఆ ఊరి కొండ మీద మబ్బుపాము ఉండేది. వచ్చిన మబ్బును వచ్చినట్టే మింగేసేది. చుక్క కింద పడనిచ్చేది కాదు. అప్పుడు సుంకన్న అనే ఆయన కత్తి పట్టుకుని దాని మీదికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. గుహ ముందు కత్తి మాత్రం దొరికింది. పోరాడి చచ్చిపోయాడని ఊరంతా ఏడ్చి, ఊరి మొదట్లో ఆయనకి వీరగల్లు నిలబెట్టారు. వీరగల్లంటే పోరులో ప్రాణమిచ్చినవాళ్ళ పేరున నిలబెట్టే రాయి. అందులో ఆయన్ని గుర్రమెక్కించి చెక్కారు కూడా. బతికుండగా గాడిదైనా ఎక్కి ఎరగడు!

సుంకన్న ప్రాణం ఆ రాతిలోనే ఉండిపోయింది. ఏటేటా నూనె, పసుపు, పొంగలి. ఎవరింట్లో పెళ్ళయినా మొదటి తాంబూలం ఆయనకే. ఆయన మీద పాట కూడా కట్టారు. ఎనభై ఏళ్ళు అలా గడిచిపోయాయి.

కానీ నీకొక్కదానికే చెప్తా, విను. సుంకన్న పోరాడలేదు. పడగ చూడగానే కత్తి పారేసి కొండ వెనక నుంచి పరుగు లంకించుకున్నాడు. కాలు జారి లోయలో పడ్డాడు. అంతే జరిగింది.

ఆ తర్వాత ఆయన మునిమనవరాలు ఓబులమ్మ పెద్దదైంది. ఆ ఏడు ఊటబావులు కూడా అడుగంటాయి. జనం మూటలు కడుతుంటే ఓబులమ్మ పాము మీదికి కొడవలి పట్టింది. ముందు ముత్తాత రాతికి చెవి ఆనించింది. ఆ ఇంటివాళ్ళకి ఆయన మాట వినబడేదట.

"ముత్తాతా, దాన్నెట్ల కొట్టాల?" అంది.

ఏం చెప్తాడు? పాటలో ఎలా ఉందో అలాగే చెప్పాడు. "పడగ ముందర నిలబడి కొట్టాల."

వెళ్ళి నిలబడింది. పాము మెరుపు కక్కింది. జుట్టు సగం కాలింది. అయినా తన కాళ్ళ మీద తను నడిచి వచ్చింది. ఊరు ఊరంతా ఎదురెళ్ళి హారతి పట్టింది. ఆ సందట్లో రాతికి నూనె పోయడం మరిచిపోయారు. సుంకన్న కడుపు భగ్గుమంది. నవ్వకు. తమ్ముడికి ముందు పాలిచ్చారని గ్లాసు విసిరిందెవరో నేనేమీ అనలేదు.

రెండోరోజు మళ్ళీ అడిగింది. "నువ్వు సరిగ్గా నిలబడలేదు. ఇంకా దగ్గరికి పో" అన్నాడు. చూశావా బుద్ధి! ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో! వెళ్ళింది. ఎడమ చెయ్యి విరిగింది. ఆ సాయంత్రం ఆడవాళ్ళు సుంకన్న పాట ఆపేసి ఓబులమ్మ మీద పాట ఎత్తుకున్నారు. సుంకన్న పళ్ళు పటపట కొరికాడు. రాతికి పళ్ళెక్కడివి అనకు, ఉన్నాయనుకో. తను ఒక్కసారి నిలబడలేని చోట ఆ పిల్ల రెండుసార్లు నిలబడింది. ఆయన్ని లోపల కాల్చింది అదే.

మూడోరోజు పొద్దున్నే రాళ్ళు చెక్కే పాపాచారి పెద్ద బండ తెచ్చి సుంకన్న పక్కన దింపాడు. దారం వేసి కొలిచాడు. సుంకన్న రాయి కంటే జానెడు ఎత్తు. "నా పక్కనేనా? నాకంటే పొడుగ్గానా?" అని సుంకన్న కుతకుతలాడిపోయాడు.

అప్పుడు ఓబులమ్మ తల్లి వచ్చి ఆ బండ మీద చెయ్యి వేసింది.

"ఆచారీ, మొగం నవ్వుతా ఉండేటట్ల చెయ్యి నాయనా. నా బిడ్డ ఎప్పుడూ నవ్వుతానే ఉంటాది" అంది. అని అక్కడే కూలబడి ఏడ్చింది.

సుంకన్న కోపం ఎక్కడిదక్కడ చల్లారిపోయింది. ఆ రాళ్ళు ఎవరికి నిలబెడతారో ఆయనకి తెలియదూ?

అంతలో ఓబులమ్మ దణ్ణం పెట్టుకోవడానికి వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. ఊరికే తల ఆనించింది.

"ఆ ముందు దావన పోవద్దు బిడ్డా" అన్నాడు సుంకన్న. "నేను కొట్లాడలేదు. పారిపోయినా. ఎదురుగా నిలబడినోళ్ళకి పడగే కనబడతాది. కొండ వెనకాల పరుగెత్తినా కాబట్టి నాకు తోక కనబడింది. బండ సందులో ఇరుక్కోని ఉంది, నీ మణికట్టంత సన్నగా. పాము వెనక్కి తిరగేదానికి కాదు. ఆడ కొట్టు."

"నిన్న ఎందుకు చెప్పలేదు ముత్తాతా?"

"నిన్ను చూస్తే కుళ్ళుగా ఉండె" అన్నాడు. "పో. ఊళ్ళోవాళ్ళకి కూడా ఉన్నదున్నట్టు చెప్పు."

ఓబులమ్మ వెనక దారిన ఎక్కింది. తోక కనబడింది. ఒక్క వేటు వేసింది. పాము తిరగలేక గిలగిలా కొట్టుకుని పగిలిపోయింది. ఎనభై ఏళ్ళ వాన ఒక్కసారిగా దిగింది. బావులు నిండాయి, చేలు నిండాయి, జనం తడుస్తూ వీధుల్లోనే నిలబడిపోయారు.

ఆ తర్వాత ఓబులమ్మ అందరికీ నిజం చెప్పింది. ఒక పెద్దాయన గునపం పట్టుకుని రాయి పీకడానికి బయల్దేరాడు. "ఈయన పారిపోకుంటే ఆ తోక చూసేదెవరు? పెట్టు గునపం కింద!" అని ఓబులమ్మ కసిరింది. ఆయన పెట్టేశాడు.

అప్పటి నుంచి పాటంతా ఓబులమ్మదే. సుంకన్నకి ఒకే ఒక్క చరణం, అదీ పారిపోయే చరణం. అది వచ్చినప్పుడల్లా పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆయనకి ఉడుకుమోత్తనం లేదని నేను అనను. ఉండేది, కాస్త.

కానీ పాపాచారి తెచ్చిన బండని మళ్ళీ ఎడ్లబండి ఎక్కించి తీసుకుపోయారు. ఓబులమ్మ పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కంది, తల నెరిసింది, పళ్ళూడిపోయి తన మంచం మీద తను నిద్రలోనే పోయింది. అలా పోయినవాళ్ళకి వీరగల్లు నిలబెట్టరు కదా. సుంకన్న పక్కన ఆ చోటు ఖాళీగానే ఉండిపోయింది. దాన్ని చూసుకుని ఆయన మురిసిపోయేవాడట.

మబ్బు కొండకి, చినుకు మడికి,
కథ కంచికి, కన్ను నిద్రకి.